నల్లగ అయినంక ఇంకెంత నల్లగైతది?

దసరాకు నల్లగొండ పోయినప్పుడు మా అత్త తన థైరాయిడ్ రిపోర్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. టీఎస్‌హెచ్ అనే హార్మోను 7.8 అని ముద్ద అక్షరాల్లో ఉంది. గోళీ డాక్టరు రాసే ఉన్నాడు, పొద్దున్నే పరగడుపున వేసుకుంటోంది కూడా. ఆమె అడిగింది వేరే.

"గీ అంకె పక్కన సీఎల్ఐఏ అని రాసి ఉన్నది. గిదేంది బిడ్డా, ఇంకో రోగమా?"

రోగం కాదు, కొలిచిన పద్ధతి పేరు అని చెప్పాను. కెమిల్యూమినిసెన్స్ ఇమ్యునో అస్సే. రక్తంలో ఉన్న హార్మోనుకు ఒక చిన్న దీపం లాంటిది తగిలిస్తారు, ఆ దీపం ఇచ్చే వెలుగును మిషన్ లెక్కపెడుతుంది, ఆ లెక్కనే 7.8 అని అచ్చు వేసి ఇస్తారు అన్నాను. "రక్తంల దీపమేందిరా" అని అత్త రిపోర్టు మడిచి లోపలికి పోయింది. మామ మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. గడియారం సెంటర్ దగ్గర ముప్పై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపిన మనిషి ఆయన. వెలుగును లెక్కపెట్టడం అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

నేను కొన్నేళ్లు హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేసి, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు బయోటెక్నాలజీ చెబుతున్నాను. పాఠ్యపుస్తకంలో నల్లటి బ్యాండ్ల, అంటే అడ్డపట్టీల, ఫోటో కనిపించగానే పిల్లలు "ఇక్కడ ప్రోటీన్ ఎక్కువుంది సార్, ఇక్కడ తక్కువుంది సార్" అనేస్తారు. ఎక్కువా తక్కువా అనేది కంటితో చూసి చెప్పే సంగతి కాదని వాళ్లకు నచ్చజెప్పడానికి నాకు ఒక్కోసారి నెల రోజులు పడుతుంది. కొలత నలుపులో ఉండదు. ఆ నలుపు ఎట్లా వచ్చిందో తెలిస్తేనే అది కొలత అవుతుంది.

ముందు దీపం ఎందుకు తగిలించాలో చూద్దాం. ఒక మామూలు ప్రోటీన్ అడ్డంగా కొన్ని నానోమీటర్లు ఉంటుంది. మన కన్ను చూడగల వెలుగు అల పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. అంత పెద్ద అలతో ఇంత చిన్న వస్తువును నేరుగా పట్టలేం. అందుకే దానికి గుర్తు వేస్తారు. పాలమూరు వైపు ఎండాకాలం గొర్రెల మందలు మేత వెతుక్కుంటూ రోడ్ల వెంట పోతుంటే చూసే ఉంటారు. వీపు మీదో మెడ మీదో రంగు వేసి ఉంటుంది. నాలుగు మందలు ఒక్క చెరువు దగ్గర కలిసినా ఎవరి జీవాలను వాళ్లు ఆ రంగును బట్టే వేరు చేసుకుంటారు. ల్యాబ్‌లో జరిగేదీ అదే. వేల రకాల ప్రోటీన్లు కలగలిసిన చోట మనకు కావలసిన ఒక్కదానికి రంగు పూస్తాం.

ఈ పోలికను ఇంకొంచెం సాగదీయాలి, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే మొదలవుతాయి. మనం లెక్కపెట్టేది గొర్రెను కాదు, రంగును. ఒక గొర్రెకు రెండు చోట్ల రంగు పడితే రెండుగా లెక్కకొస్తుంది. ఒకదానికొకటి రాసుకుని తిరిగినప్పుడు పక్క మంద గొర్రెకు రంగు అంటుకుంటే అదీ మనదే అవుతుంది. ల్యాబ్‌లో రంగును మోసుకెళ్లేది యాంటీబాడీ, మనకు కావలసిన ప్రోటీన్‌ను వెతికి పట్టుకునే ఇంకో ప్రోటీన్. అది వేరే ప్రోటీన్‌కు అతుక్కోవడం, మెంబ్రేన్ అనే పల్చటి పొర మీద ఊరికే పట్టుకుని ఉండిపోవడం ఇట్లాంటివే. ఎంత ఖరీదైన మిషన్ తెచ్చినా అది రంగును మాత్రమే చూస్తుంది.

అత్త పరీక్షకూ ల్యాబ్‌లో మేం తీసే బొమ్మలకూ ఒక తేడా ఉంది. థైరాయిడ్ పరీక్షలో అడిగేది "ఎంత" అనే ఒక్క ప్రశ్న. ఒక చిన్న గొట్టంలోంచి వచ్చే మొత్తం వెలుగును లెక్కపెడితే చాలు. ఇమేజింగ్‌లో "ఎంత"తో పాటు "ఎక్కడ" కూడా కావాలి. ప్రోటీన్లనో డీఎన్‌ఏ ముక్కలనో జెల్ అనే మెత్తటి పలకలో కరెంటు పెట్టి పరుగెత్తిస్తే చిన్నవి ముందుకు పోతాయి, పెద్దవి వెనక ఉండిపోతాయి. కాబట్టి వెలుగు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ముక్క సైజు తెలుస్తుంది. జెల్ మీది డీఎన్‌ఏను మెంబ్రేన్ మీదికి ఎక్కించే పద్ధతిని 1975లో ఎడ్విన్ సదరన్ ప్రచురించారు. ఆయన పేరు మీదే అది సదరన్ బ్లాట్ అయింది. ఆర్‌ఎన్‌ఏకు వచ్చినప్పుడు దిక్కులతో ఆడుకుని నార్తర్న్ అన్నారు, ప్రోటీన్‌కు వెస్టర్న్ అన్నారు. మన విద్యార్థులు నార్తర్న్ అనే సైంటిస్టు ఎవరని వెతుకుతుంటారు. అట్లాంటి మనిషి లేడు.

మూడు రకాల దీపాలు

లంబాపూర్, పెద్దగట్టు అంటే నల్లగొండ వాళ్లకు యురేనియం గుర్తొస్తుంది. అమ్రాబాద్ అంటే పాలమూరు వాళ్లకూ అంతే. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో శాసనసభే తీర్మానం చేసింది. మనల్ని ఇంత భయపెట్టిన ఆ మూలకమే ఈ విద్యకు మొదటి ఫోటో తీసింది. 1896లో పారిస్‌లో హెన్రీ బెకరెల్ యురేనియం లవణాన్ని ఎండలో పెట్టి అది ఏమైనా కిరణాలు ఇస్తుందేమో చూద్దామనుకున్నాడు. మబ్బు పట్టింది. లవణాన్ని, నల్ల కాగితంలో చుట్టిన ఫోటో ప్లేటును కలిపి సొరుగులో పెట్టేశాడు. మార్చి 1న ప్లేటు కడిగి చూస్తే, ఎండ తగలకపోయినా లవణం ఉన్న చోటల్లా నల్లగా ముద్ర పడి ఉంది. వస్తువు తన బొమ్మను తానే గీసుకోవడం అంటే అదే. దీన్నే తర్వాత ఆటోరేడియోగ్రఫీ అన్నారు.

మన మొదటి దీపం ఈ రేడియోధార్మికతే. కానీ ల్యాబ్‌లో యురేనియం వాడరు. ఎక్కువగా వాడినది ఫాస్ఫరస్-32. డీఎన్‌ఏలో ఎట్లాగూ ఫాస్ఫరస్ ఉంటుంది, కాబట్టి మామూలు అణువు బదులు ఈ అణువును కూర్చోబెడితే డీఎన్‌ఏ గుణమేమీ మారదు. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 14.3 రోజులు. పది అర్ధాయువులు, అంటే సుమారు అయిదు నెలలు గడిస్తే వెయ్యో వంతు కూడా మిగలదు. యురేనియం కోట్ల ఏళ్లు ఉండేది, ఇది ఒక పంటకాలంలో అయిపోయేది. రెండింటినీ ఒకే గాటన కట్టి భయపడక్కర్లేదు, అట్లాగని ఫాస్ఫరస్-32ను తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. దాని నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లకు, అంటే బీటా కణాలకు, గట్టి శక్తి ఉంటుంది. మేం సెంటీమీటరు మందం అక్రిలిక్ పలక వెనక నిలబడి పనిచేసేవాళ్లం. సీసం పలక ఇంకా మంచిది కదా అని కొత్తవాళ్లు అడుగుతారు. కాదు. బీటా కణం సీసానికి నేరుగా తగిలితే ఎక్స్ కిరణాలు పుడతాయి. తేలికైన ప్లాస్టిక్కే ఇక్కడ మొదటి రక్ష.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ 1980ల చివర డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ మీద చేసిన పని ఇట్లాంటి రేడియోధార్మిక అణువుల (రేడియో ఐసోటోప్‌ల) గుర్తు, ఎక్స్‌రే ఫిల్మ్ కాలానిదే. అదే ఆవరణలో అణుశక్తి శాఖ వాళ్ల బ్రిట్ సంస్థకు జోనాకి అనే విభాగం ఉండేది, ఫాస్ఫరస్-32 తగిలించిన న్యూక్లియోటైడ్లు, అంటే డీఎన్‌ఏ ఇటుకలు, అక్కడ తయారయ్యేవి. బెంగాలీలో జోనాకి అంటే మిణుగురు. ఆ పేరు తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

రెండో దీపం ఫ్లోరసెన్స్. ఈ మాట నల్లగొండలో పలకడమే కష్టం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల్లో వంగిపోయిన కాళ్లను, గారపట్టిన పళ్లను చూస్తూ పెరిగిన పిల్లలకు "ఫ్లోర్" అనే అక్షరాలు వినగానే బోరునీళ్లు గుర్తొస్తాయి. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: ఫ్లోరసెన్స్ అంటే ఫ్లోరైడ్ వెలగడమా సార్ అని. కాదు. కానీ రెండు మాటలూ ఒక్క రాయి నుంచే పుట్టాయి. ఆ రాయి ఫ్లోర్‌స్పార్, కాల్షియం ఫ్లోరైడ్. నీళ్లలోకి ఫ్లోరైడ్ వచ్చే ఖనిజాల్లో అదీ ఒకటి. దాంట్లో కొన్ని రకాల మీద కంటికి కనపడని అతినీల కిరణాలు పడితే నీలంగా మెరుస్తుంది. 1852లో జార్జ్ స్టోక్స్ ఈ మెరుపుకు ఆ రాయి పేరు మీదే ఫ్లోరసెన్స్ అని పేరు పెట్టారు. వెలుగు తీసుకుని, కొంత శక్తి పోగొట్టుకుని, మిగిలినదాన్ని వేరే రంగులో తిరిగి ఇవ్వడం దాని లక్షణం. జెల్‌లో వాడే ఎథిడియం బ్రోమైడ్ 300 నానోమీటర్ల దరిదాపు కిరణాలు మింగి 600 నానోమీటర్ల దరిదాపు నారింజ వెలుగు ఇస్తుంది. రంగు మారడమే మనకు కలిసొచ్చేది. లోపలికి పంపిన వెలుగును ఫిల్టరుతో ఆపేసి, బయటికొచ్చిన వెలుగును మాత్రమే కెమెరాకు చూపించవచ్చు. పంపిన వెలుగుతో పోలిస్తే వచ్చే వెలుగు మిణుకు మిణుకుమనేది. అందుకే ఫ్లోరసెన్స్ మిషన్‌లో కెమెరా ఎంత ముఖ్యమో ఫిల్టరు అంత ముఖ్యం.

మూడోది మిణుగురు పద్ధతి. సాగర్ ఎడమ కాలువ కింద పొలాల గట్ల మీద వానాకాలం రాత్రి నిలబడితే తెలుస్తుంది, మిణుగురుకు బయటి వెలుగు అక్కర్లేదు. లోపలి రసాయన చర్యే వెలుగవుతుంది. వెస్టర్న్ బ్లాట్‌లో ఈ పని హార్స్‌రాడిష్ అనే దుంప నుంచి తీసిన పెరాక్సిడేజ్ ఎంజైమ్ చేస్తుంది. దాన్ని యాంటీబాడీకి అతికిస్తారు. హైడ్రోజన్ పెరాక్సైడ్, లూమినాల్ కలిపిన ద్రవం పోయగానే లూమినాల్ ఆక్సీకరణం చెంది 425 నానోమీటర్ల దగ్గర నీలి వెలుగు ఇస్తుంది. ఒక్క ఎంజైమ్ అణువు వరసగా వేల లూమినాల్ అణువులను వెలిగిస్తుంది. అందుకే ఇది అంత సున్నితం. అందుకే అంత మోసం కూడా, ఆ సంగతికి వస్తాను.

ఎర్ర బల్బు గది

మామ స్టూడియోలో డార్క్ రూమ్ ఒక మనిషి పట్టేంత ఉండేది. ఎర్ర బల్బు, మూడు ట్రేలు: డెవలపర్, నీళ్లు, ఫిక్సర్. వెనిగర్ లాంటి వాసన గోడలకు పట్టేసి ఉండేది. పెళ్లి ఫోటో ప్రింటు వేసేముందు ఆయన సన్నటి కాగితం ముక్క తీసుకుని, అట్టముక్క అడ్డం పెట్టి కొంచెం కొంచెం జరుపుతూ రెండు సెకన్లు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు అని వెలుగు చూపేవాడు. కడిగితే ఒకే ముక్క మీద అయిదు గళ్లు, తెలుపు నుంచి నలుపు దాకా. దాన్ని టెస్ట్ స్ట్రిప్ అంటారు. అది చూసుకునిగానీ అసలు కాగితం తీసేవాడు కాదు.

ల్యాబ్‌లో చేరాక నాకు ఇచ్చిన గది అట్లాంటిదే. అదే ఎర్ర బల్బు, అవే ట్రేలు. మెంబ్రేన్ మీద లూమినాల్ పోసి, పైన ఎక్స్‌రే ఫిల్మ్ పెట్టి, క్యాసెట్ మూసి, సమయం చూసుకుని కడగాలి. ఒక మందు ఇచ్చిన కణాల్లో ఒక ప్రోటీన్ తగ్గుతుందా లేదా అని చూడటం నా పని. బ్యాండ్ బాగా కనపడాలని పది నిమిషాలు ఉంచాను. మందు ఇవ్వని కణాల గడి, ఇచ్చిన కణాల గడి, రెండింట్లోనూ కాటుక లాంటి నలుపు. రెండూ సమానం, మందు పనిచేయలేదు అని నోట్‌బుక్‌లో రాశాను, అందరి ముందూ చెప్పాను. మూడు వారాలు దాని మీదే ముందుకు పోయాను. మా సీనియర్ అక్క ఒకరోజు ఊరికే అదే బ్లాట్ మళ్లీ చేసి ముప్పై సెకన్ల ఎక్స్‌పోజర్ తీసింది. రెండో బ్యాండ్ మొదటిదాంట్లో పావు వంతు కూడా లేదు. ఆ మూడు వారాలు తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఆ రాత్రి మామకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన అంతా విని ఒక్క మాట అన్నాడు.

"నల్లగ అయినంక ఇంకెంత నల్లగైతది రా? టెస్ట్ స్ట్రిప్ తియ్యలేదా?"

శాచురేషన్ గురించి, అంటే ఇక పట్టనంతగా నిండిపోవడం గురించి, నేను చదివిన పుస్తకాలన్నీ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. ఫిల్మ్ మీద వెండి బ్రోమైడ్ రేణువులు పరిచి ఉంటాయి. ఒక చోట ఉన్న రేణువులన్నీ నల్లబడ్డాక ఇంకెంత వెలుగు పడినా మారేదేమీ లేదు. పది రూపాయలున్నా వంద ఉన్నా "డబ్బులున్నయి" అని మాత్రమే చెప్పే మనిషి లాంటిది ఆ ఫిల్మ్. మరీ మసక వెలుగుల దగ్గరా దానికి లోపమే. ఒక రేణువు నల్లబడాలంటే దాదాపు ఒకేసారి కొన్ని ఫోటాన్లు తగలాలి. ఒకటి తగిలి చాలాసేపటికి రెండోది వస్తే మొదటిదాని పని వృథా అవుతుంది. అందుకని సన్నటి బ్యాండ్లు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాయి. ఈ నష్టం తగ్గించడానికే క్యాసెట్లను మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టేవాళ్లు, ఫిల్మ్‌కు ముందుగా చిటికెడు వెలుగు తగిలించేవాళ్లు. పైన మూత, కింద మూత, మధ్యలో సుమారు వంద రెట్ల తేడాను మాత్రమే ఫిల్మ్ నిజాయితీగా చూపించగలదు. కణంలో ప్రోటీన్ల మోతాదులు లక్షల రెట్ల తేడాలో ఉంటాయి.

ఫిల్మ్ పోయి తెర వచ్చింది

రేడియో ఐసోటోప్‌ల విషయంలో ఫిల్మ్‌ను తప్పించింది ఫాస్ఫర్ స్క్రీన్. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన వస్తువు ఇదే. చూస్తే ఏమీ ఉండదు, తెల్లటి అట్ట. దాని పూత బేరియం ఫ్లోరోబ్రోమైడ్ స్ఫటికాలు, అందులో చిటికెడు యూరోపియం. ఇక్కడా ఫ్లోరిన్ వచ్చింది చూడండి. మెంబ్రేన్ మీద ఉన్న ఫాస్ఫరస్-32 నుంచి బీటా కణం వచ్చి స్ఫటికానికి తగిలితే ఎలక్ట్రాన్లు తమ చోటు వదిలి స్ఫటికంలోని ఖాళీల్లో చిక్కుకుపోతాయి. బయటికి ఏ మార్పూ కనపడదు. శక్తిని లోపల దాచుకుని అట్ట అట్లాగే ఉంటుంది. తర్వాత దాన్ని స్కానర్‌లో పెట్టి ఎర్ర లేజర్‌తో ఒక్కో చుక్కనూ తడుముతారు. ఎర్ర వెలుగు తగలగానే చిక్కుకున్న ఎలక్ట్రాన్ విడుదలై 390 నానోమీటర్ల దగ్గర నీలి వెలుగు వదులుతుంది. దాచిందెంతో అంత వెలుగు. చదవడం అయ్యాక తెల్లటి లైటు కింద పెడితే పలక తుడిచినట్టు శుభ్రమై మళ్లీ వాడకానికి సిద్ధం.

ఆ నీలి వెలుగును పట్టేది ఫోటో మల్టిప్లయర్ ట్యూబ్. ఒక ఫోటాన్ తగిలి ఒక ఎలక్ట్రాన్ ఊడితే, అది తర్వాతి పలకకు కొట్టుకుని నాలుగైదు అవుతుంది, అవి ఒక్కోటీ మళ్లీ నాలుగైదు. పది మెట్లు దిగేసరికి ఒక్కటి పది లక్షలవుతుంది. ఫాస్ఫర్ తెర మొత్తం మీద లక్ష రెట్ల తేడాను తిన్నగా చూపుతుంది. ఫిల్మ్‌కు వారం పట్టేది ఇక్కడ ఒక రోజులోపే అయిపోతుంది. ట్రీషియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ విషయంలో మాత్రం జాగ్రత్త. దాని బీటా కణానికి ఎంత తక్కువ శక్తి అంటే తెర మీది రక్షణ పొరను కూడా దాటలేదు. పొర లేని ప్రత్యేకమైన తెర కావాలి.

మిణుగురు పద్ధతికి వచ్చేసరికి చల్లబరిచిన సీసీడీ కెమెరా ఫిల్మ్ స్థానం తీసుకుంది. సీసీడీ అంటే వెలుగును ఎలక్ట్రాన్లుగా పట్టే చిప్. సీసీడీని 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు, 2009లో నోబెల్ వచ్చింది. వాకిట్లో వరుసగా బిందెలు పెట్టి వాన పట్టినట్టు ఊహించుకోండి. ఒక్కో పిక్సెల్ ఒక బిందె. వాన ఆగాక బిందె బిందెకూ ఎన్ని నీళ్లున్నాయో కొలుస్తారు. వాన పడకపోయినా బిందెలోకి కొంత చెమ్మ దిగుతుంది, అది వేడి వల్ల పుట్టే ఎలక్ట్రాన్లు. ఆరేడు డిగ్రీలు చల్లబడితే ఆ చెమ్మ సగమవుతుంది. అందుకే ఈ కెమెరాలను సున్నాకు చాలా కిందికి చల్లబరుస్తారు. వాన మరీ సన్నగా ఉంటే నాలుగు బిందెల నీళ్లు ఒక బిందెలో పోసి కొలవవచ్చు, దాన్ని బిన్నింగ్ అంటారు. సన్నటి బ్యాండ్ తేలుతుంది, బొమ్మలో నాణ్యత తగ్గుతుంది. ఇక వాన ఎక్కువై బిందె నిండిపోతే? పొంగిపోయింది లెక్కలో ఉండదు. 16 బిట్ కెమెరాలో ఒక పిక్సెల్ చెప్పగల అతి పెద్ద అంకె 65,535. బ్యాండ్ మధ్యలో పిక్సెళ్లన్నీ అదే అంకె చూపిస్తున్నాయంటే అది పొంగిన బిందె. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ఆ చోటును ఎర్రగా చూపిస్తాయి. మామ కాలంలో ఆ ఎర్ర గుర్తు ఉండి ఉంటే ఎన్ని కాగితాలు మిగిలేవో.

కెమెరా మంచిదైనంత మాత్రాన మిణుగురు మోసం పోదని చెప్పాలి. ఎంజైమ్ మరీ ఎక్కువగా ఉన్న చోట లూమినాల్ క్షణాల్లో ఖర్చయిపోతుంది. అప్పుడు బ్యాండ్ అంచులు నల్లగా, నడిమి తెల్లగా, గారె లాగా కనిపిస్తుంది. ప్రోటీన్ ఎక్కువున్న చోటే వెలుగు లేదు! కెమెరా అబద్ధం చెప్పలేదు, వెలిగించడానికి నూనె అయిపోయింది. యాంటీబాడీని ఇంకా పల్చగా వాడటమే దీనికి మందు. ఫ్లోరసెంట్ రంగు నేరుగా అతికించిన యాంటీబాడీలతో ఈ బాధ లేదు. ఎంజైమ్ ఉండదు, ఖర్చయ్యే ద్రవం ఉండదు, రెండు రంగులతో రెండు ప్రోటీన్లను ఒకే మెంబ్రేన్ మీద చూడవచ్చు. కొలతే ముఖ్యమైతే నేను ఫ్లోరసెన్స్ వైపే ఉంటాను. మరీ తక్కువ మోతాదులో ఉన్న ప్రోటీన్ అసలు ఉందా లేదా తేల్చుకోవాలంటే మాత్రం మిణుగురే.

బొమ్మ నుంచి అంకె

ఒక లెక్క చేసి చూపిస్తాను. ఒక బ్యాండ్ చుట్టూ 2,500 పిక్సెళ్ల డబ్బా గీశామనుకోండి. అందులోని విలువలన్నీ కూడితే 5,20,000 వచ్చింది. పక్క బ్యాండ్ చుట్టూ అదే సైజు డబ్బాలో 3,60,000. మొదటిది రెండోదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు అనిపిస్తుంది. కానీ ఏ బ్యాండూ లేని ఖాళీ చోట కూడా ఒక్కో పిక్సెల్ సగటున 120 చూపిస్తోంది. 2,500ను 120తో గుణిస్తే 3,00,000. అది రెండు డబ్బాల్లోనూ ఉన్న వృథా వెలుగు. తీసేస్తే మిగిలేవి 2,20,000, 60,000. ఇప్పుడు తేడా మూడున్నర రెట్లకు పైనే. అదే బొమ్మ, అవే బ్యాండ్లు. బ్యాక్‌గ్రౌండ్ తీయడం మరిచిపోతే సైన్సు మారిపోయింది.

ఇంకో చిక్కు లోడింగ్. రెండు గళ్లలో సమానంగా ప్రోటీన్ పోశామో లేదో తెలియాలని యాక్టిన్ లాంటి ఎప్పుడూ ఉండే ప్రోటీన్‌ను కూడా కొలుస్తారు. అది కణంలో ఎంత ఎక్కువగా ఉంటుందంటే, మనకు కావలసిన ప్రోటీన్ కనపడేంత మోతాదు పోస్తే యాక్టిన్ బిందె ఎప్పుడో పొంగిపోయి ఉంటుంది. రెండు పొంగిన బిందెలు చూసి "సమానంగా ఉన్నాయి" అని సంబరపడతాం. నా వరకు, ముందు 5, 10, 20, 40 మైక్రోగ్రాములు వరుసగా పోసి, మోతాదు రెట్టింపైనప్పుడు వెలుగూ రెట్టింపవుతోందా అని చూసుకోకుండా ఏ బ్లాట్‌కూ అంకె ఇవ్వను. ఇది మామ టెస్ట్ స్ట్రిప్పే, సెకన్ల బదులు మైక్రోగ్రాములు.

తర్వాత ఆ బొమ్మను ఏ రూపంలో దాచామన్నది. 16 బిట్ టిఫ్ ఫైలులో 65,536 మెట్లుంటే, వాట్సాప్‌లో పంపుకునే జేపెగ్‌లో 256 మెట్లే. అసలు ఫైలును తీసేసి అందంగా దిద్దిన జేపెగ్‌ను మాత్రమే ఉంచుకోవడం అంటే పహాణీ చించేసి ఇంటిముందు ఫోటో దాచుకున్నట్టు. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. అడిగేవాళ్లు ఉన్నారు కూడా. 2016లో ఎలిజబెత్ బిక్, ఇంకో ఇద్దరు శాస్త్రవేత్తలు 20,621 పరిశోధనా పత్రాల్లోని బొమ్మలను పరిశీలించి ప్రచురించారు. వాటిలో 3.8 శాతం పత్రాల్లో ఒకే బొమ్మ రెండు చోట్ల వాడటం లాంటి దోషాలు కనిపించాయి. అన్నీ మోసాలు కాకపోవచ్చు, కొన్ని పొరపాట్లు. కానీ రోగికి మందు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయాలు ఎక్కడో ఒకచోట ఇట్లాంటి బ్యాండ్ల మీదే మొదలవుతాయి. అందుకే నాకు ఇది చిన్న విషయంగా కనిపించదు.

లక్షల రూపాయల మిషన్ మా కాలేజీలో లేదు. జిల్లాల్లో చాలా కాలేజీలది ఇదే పరిస్థితి. మేం నీలి ఎల్ఈడీ డబ్బా, నారింజ రంగు ప్లాస్టిక్ పలక, నీలి వెలుగుకు మెరిసే డీఎన్‌ఏ రంగు వాడతాం. ఎథిడియం, అతినీల కిరణాలు పిల్లల చేతికి ఇవ్వను. ఫోన్‌ను స్టాండుకు బిగించి, ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ ఆపేసి, రా ఫార్మాట్‌లో మూడు నాలుగు వేర్వేరు ఎక్స్‌పోజర్లు తీస్తాం. ఆ ఫైళ్లను ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి డబ్బాలు గీసి, బ్యాక్‌గ్రౌండ్ తీసి, గ్రాఫ్ వేస్తాం. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో వేన్ రాస్‌బాండ్ తయారుచేసిన ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం, పెద్ద పెద్ద ల్యాబుల్లోనూ దాన్నే వాడతారు. ఫోన్ కొలత పత్రికకు పనికిరాదు. కానీ పొంగిన బిందె ఎట్లుంటుందో పిల్లలు కళ్లారా చూస్తారు.

అత్తకు ఇదంతా చెప్పలేదు. ఒక్కటే చెప్పాను: ఆ 7.8 అనే అంకె వట్టి వెలుగు కాదు, మోతాదు ముందే తెలిసిన నమూనాలు ఇచ్చే వెలుగుతో పోల్చి చూసి వేసింది. మిషన్ మారితే ఆ పోలికా కొంచెం మారుతుంది, అందుకని ఆరు వారాల తర్వాత పరీక్షకు మళ్లీ అదే సెంటర్‌కు పొమ్మన్నాను. "గది చెప్పు ముందుగాల" అంది.

తిరిగి వస్తుంటే మామ అటక మీది డబ్బా దింపి ఒక కాగితం ముక్క ఇచ్చాడు. ఎవరిదో పెళ్లి టెస్ట్ స్ట్రిప్, పెళ్లికూతురు చెంప అయిదు గళ్లలో. ఇప్పుడది మా క్లాసులో గోడకు ఉంది. ప్రతి బ్యాచ్‌లో మొదటి రోజు పిల్లల్ని దాని ముందు నిలబెట్టి, పదహారు సెకన్ల గడి ఎక్కడ అయిపోయింది, ముప్పై రెండు ఎక్కడ మొదలైంది, గీత చూపించమంటాను. ఇప్పటిదాకా ఎవరూ చూపలేదు.